ఆరున్నర లక్షల నవ్వు

నేను ఒక ఫ్లెక్సీని. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు, అంచుల చుట్టూ పద్నాలుగు రింగులు. మా జాతికి పెద్ద మర్యాదేమీ లేదు. గాలికి చిరిగితే ఎవరూ బాధపడరు, పని అయిపోతే ఎవరూ విప్పరు. కానీ మా మీద అచ్చువేసిన మాటంటే మనుషులకు భలే గురి. ఎదురుగా నిలబడి ఒట్టు వేసి చెప్పినవాణ్ని అనుమానిస్తారు, కరెంటు స్తంభానికి కట్టిన ప్లాస్టిక్ గుడ్డను మాత్రం చేతులు కట్టుకుని నమ్ముతారు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే నేను అచ్చు యంత్రంలోనే ఇరుక్కుని ఊపిరి వదిలేదాన్ని.

నేను పుట్టింది హైదరాబాదులో, అమీర్‌పేటలో ఒక మేడ మెట్ల కింద ఉన్న ఇరుకు గదిలో. అక్కడ యాకూబ్ అనే కుర్రాడు కంప్యూటరు ముందు కూర్చుని రోజుకు ఇరవై మందిని పుట్టించేవాడు, పది మందిని చంపేవాడు. అంటే పుట్టినరోజు శుభాకాంక్షలు, శ్రద్ధాంజలి. నాకు ముందు అచ్చయింది ఒక పెద్దాయన పెద్దకర్మ. నా తర్వాత ఎవరో కార్పొరేటరు జన్మదినం. ఇద్దరి వెనకా అవే మబ్బులు, అవే పావురాలు. మధ్యలో నేను తెల్లగా, రంగు వాసన కూడా అంటకుండా వంతు కోసం చూస్తూ ఉన్నాను. ఏదో మంచిమాట మోస్తానని మహా ఆశగా ఉండేది.

నన్ను అచ్చువేయించిన మనిషి పేరు మధుమూర్తి. డిగ్రీ అయిన పిల్లలకు కంప్యూటరు కోర్సులు చెప్పి ఉద్యోగాలు ఇప్పిస్తానని ఆ వీధిలోనే రెండో అంతస్తులో ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. అందరూ సార్ అనేవారు. మాట తేనె. ఎవరినీ కసిరేవాడు కాదు. యాకూబ్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, జేబులోంచి ఒక పాస్‌పోర్టు సైజు ఫోటో తీసి ఇచ్చాడు. అందులో ఒక అమ్మాయి హాల్ టికెట్ మీద అతికించే ఫోటోలో ఉండాల్సినట్టే ఉంది. అంటే నవ్వు లేకుండా, కొంచెం భయంగా.

"నవ్వు లేదు సార్. జర పెట్టాల్నా?" అన్నాడు యాకూబ్.

"పెట్టు. మరీ పళ్లు కనపడకుండా, ఉద్యోగం వచ్చినవాళ్లు నవ్వే నవ్వు పెట్టు."

యాకూబ్ మౌసుతో ఆ పిల్ల పెదాల చివరలను పైకి లాగాడు. చుడీదార్ మీద నల్ల కోటు తొడిగాడు. ఆ కోటు అతని కంప్యూటరులో ఎప్పటినుంచో ఉంది. దాన్ని అప్పటికే ముప్ఫై నలభై మంది తొడుక్కుని ఉంటారు.

"ప్యాకేజీ ఎంత రాయాలె?"

సార్ గడ్డం గోక్కున్నాడు. "నాలుగు లక్షలంటే ఎవడూ ఆగి చూడడు. పది అంటే నమ్మడు. ఆరున్నర రాయి. ఆ అర చూస్తే లెక్క నిజమే అనిపిస్తుంది."

అలా నా మీద పడింది అక్షరం. 'మన రాజోలు ఆడపడుచు హిమబిందు. ప్యాకేజీ 6.5 లక్షలు. మరి మీరెప్పుడు?' కింద మధుమూర్తి సారే రెండు చేతులూ జోడించి, ఆ పిల్లకన్నా ఎత్తుగా. ఆయన పక్కన చిన్న అక్షరాలతో 'డిగ్రీ తర్వాత ఏమిటి? జీవితంలో స్థిరపడటానికి, డబ్బు సంపాదించడానికి ప్రతి ఆదివారం ఉచిత సలహాలు' అని ఫోన్ నంబరు. అచ్చు పూర్తయ్యేసరికి నేను పొంగిపోయానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఒక పేదపిల్లకు ఉద్యోగం వచ్చిందట, ఆ కబురు ఊరికి మోసుకెళ్లే భాగ్యం నాదట!

నన్ను చుట్ట చుట్టి సార్ గదిలో బీరువా పక్కన నిలబెట్టారు. అక్కడ ఉన్న నాలుగు రోజుల్లోనే నా పొంగు చల్లారిపోయింది.

మొదటి రోజు ఆదివారం, సలహాల రోజు. కొత్తగా డిగ్రీ పట్టుకుని వచ్చిన పిల్లలు ఇరవై మంది దాకా బెంచీల మీద కూర్చున్నారు. సార్ చెప్పిన మాటల్లో కొన్ని నిజంగానే బాగున్నాయి. నెల జీతంలో కొంత తీసి దాచమన్నాడు. మొదటి నెలే ఖరీదైన ఫోను కొనొద్దన్నాడు. అయిదు మంచి మాటలు చెప్పి ఆరోది మెల్లగా జారవిడిచాడు. "అప్పు చేసి బండి కొంటే తప్పు, అప్పు చేసి మీ మీద మీరు పెట్టుబడి పెట్టుకుంటే అది తెలివి." పిల్లలు అన్నీ ఒకే వరసలో రాసుకున్నారు. ఆయన దగ్గర ఉన్న పద్ధతి ఏమిటంటే, కోర్సు ఫీజు ఎనభై వేలు. సగం చేరేటప్పుడు, మిగతా సగం ఉద్యోగం వచ్చాక. ఆ సగానికి పూచీగా పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు, పదో తరగతి మార్కుల జాబితా నుంచి డిగ్రీ పట్టా వరకు, ఆయన బీరువాలో ఉంటాయి. ఉద్యోగం వచ్చాకే కదా కట్టేది అని పిల్లలు సంబరపడి ఇచ్చేసేవారు. నా పక్కన ఉన్న బీరువాలో నూటికి పైగా ఫైళ్లు బిక్కుబిక్కుమంటూ ఉండేవి.

మూడో రోజు హిమబిందు వచ్చింది. నా మీద ఉన్న అమ్మాయే. గొంతు విని గుర్తుపట్టలేకపోయాను. నా మీద ఉన్న నవ్వుకూ ఆ గొంతుకూ పొంతన లేదు.

"సార్, నాకింకా ఇంటర్వ్యూ కూడా అవ్వలేదండి. ఇప్పుడే ఫ్లెక్సీ అంటే..."

"రేపో ఎల్లుండో వచ్చేదే కదమ్మా. ముందు మనం నమ్మితేనే కంపెనీ నమ్ముతుంది. నీకు మిగతా నలభై వేలు మాఫీ చేశాను. సర్టిఫికెట్లు కూడా తీసుకెళ్లు. నీమీద నాకున్న నమ్మకం అది."

"ఎక్కడ కడతారండి?"

"ఇక్కడే, మన మెట్ల దగ్గర. ఒక్క నెల. మీ ఊరివాళ్లెవరు చూస్తారమ్మా ఇక్కడ?"

 ఆ పిల్ల 'సరేనండి' అంది. ఎవరో మొహమాటపెట్టి తినిపిస్తే తిన్నట్టు అంది. ఆ మర్నాడు నన్ను రాజోలు వెళ్లే బస్సు టాపు మీద వేశారు. నన్ను మెట్ల దగ్గర కడతానన్నవాడు నా ముందే ఆ మాట అన్నాడు. ఫ్లెక్సీ అయితే మాత్రం నాకు చెవులు లేవా? ఆ రోజే నాకు రెండు కోపాలు రగిలాయి. ఆ పిల్లను మోసం చేసినందుకు ఒకటి, ఆ మోసాన్ని నా వీపు మీద మోయిస్తున్నందుకు ఇంకొకటి.

ఉగాదికి రెండు రోజుల ముందు నన్ను రాజోలు బస్టాండు ఎదురుగా, సూరిబాబు టిఫిన్ కొట్టు పైన, వెదురు బద్దలకు బిగించి కట్టారు. సూరిబాబు నలభై ఏళ్ల మనిషి. ఉప్మా బాగా చేస్తాడు, మాటలు ఇంకా బాగా చేస్తాడు. నా కింద నీడ పడుతుంది గనక అతనికి నేనంటే ఇష్టం. "ఆయ్, మన పిల్లేనండి. నా చేతి పెసరట్టు తిని పెరిగింది," అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు. హిమబిందుకు తండ్రి లేడు, తల్లి బట్టలు కుడుతుంది. ఆ తల్లి ఒకరోజు వచ్చి, నా కింద నిలబడి, తల ఎత్తి చూసి, కొంగుతో కళ్లు ఒత్తుకుని వెళ్లిపోయింది. నేను గాలి వంక పెట్టుకుని మొహం తిప్పుకోవాలని చూశాను. తాళ్లు గట్టిగా కట్టారు.

రాజోలు బస్టాండులో ఒక గంట నిలబడితే డిగ్రీ అయిన పిల్లలకు సలహాలు ఇచ్చేవాళ్లకు ఎంత తీరిక ఉంటుందో తెలుస్తుంది. ఒకాయన బీఈడీ చేసేయమంటాడు. ఆయన కొడుకు బీఈడీ చేసి కొబ్బరికాయల వ్యాపారంలో ఉన్నాడు. ఇంకొకాయన గ్రూప్స్‌కి ప్రిపేర్ అవమంటాడు. ఎన్నేళ్లు అని అడిగితే పైకి చూస్తాడు. ఇన్సూరెన్సు ఏజెంటు మొదటి జీతం నుంచే పాలసీ కట్టమంటాడు, జీతం రావాలి కదండీ అంటే మీ నాన్నగారిని కట్టమనండి అంటాడు. స్థలాల బ్రోకరు చెప్పేది అందరికీ తెలిసిందే. వీళ్లందరూ చెప్పడం అయ్యాక చివరికి వేలు పైకెత్తి నన్ను చూపించేవారు. "అదిగో, ఆ పిల్లను చూసి నేర్చుకోండి."

ఏప్రిల్ రెండో వారంలో, పది గంటల ఎండలో, ఒక అమ్మాయి సైకిలు స్టాండు వేసి నా కింద నిలబడింది. సన్నగా, పొడుగ్గా, చేతిలో ప్లాస్టిక్ కవరు. సూరిబాబు ఆమెను "ఏం కెజియమ్మా, డిగ్రీ అయిపోయిందంటగా," అని పలకరించాడు. కెజియా, హిమబిందు డిగ్రీ మూడేళ్లూ ఒకే బెంచీ. కెజియా తల్లి సువార్త రొయ్యల షెడ్డులో పని చేస్తుంది. ఇవన్నీ సూరిబాబు పక్కవాళ్లకు చెబుతుంటే విన్నాను. అతని దగ్గర ఏ సంగతీ రెండు నిమిషాలు దాగదు.

కెజియా నన్నే చూస్తూ ఫోన్ చేసింది.

"ఒసేయ్ బిందూ, నీ బొమ్మ కిందే నుంచున్నానే! ఒక్క ముక్క చెప్పలేదేం? ఆరున్నర లక్షలంటే నెలకి యాభై వేలు దాటుద్ది కదే!"

అవతల ఏమందో నాకు వినపడలేదు. కెజియా నవ్వింది గాని, ఆ తర్వాత గొంతు తగ్గించింది.

"నాకు పోస్టాఫీసులో పడిందే. టెన్త్ మార్కుల మీద తీసుకున్నారు. మన పక్క ఊళ్లోనే, పన్నెండు వేలు. ఇరవయ్యో తారీకులోపు ఒరిజినల్స్ పట్టుకెళ్లి చూపించాలి. అమ్మేమో అందులో చేరిపోమంటంది. నీ బొమ్మ చూశాక నాకు కాలు ఆడట్లేదు. నువ్వు చెప్పవే, ఏం చెయ్యను?"

నేను ఊపిరి బిగబట్టాను. ఆ వేళ గాలి కూడా లేదు. చెప్పమ్మా, నాకు ఉద్యోగం రాలేదు, నువ్వు పోస్టాఫీసుకు వెళ్లు అని చెప్పమ్మా అని నాకు తెలిసిన భాషలో మొరపెట్టుకున్నాను. అరనిమిషం గడిచింది. కెజియా మొహం మెల్లగా విప్పారింది.

"అంతేనంటావా? ...సార్ మంచోరేనా? ...సరేలే. నువ్వు చెప్పావ్ గనక వస్తాను. ఇంకెవరు చెప్పినా రాకపోదును."

వారం తిరక్కుండా కెజియా హైదరాబాదు బస్సు ఎక్కింది. సాగనంపడానికి వచ్చిన సువార్త చేతులకు ఇంకా రొయ్యల వాసన ఉంది. పొదుపు సంఘంలో అప్పు తీసుకున్న నలభై వేలు కూతురి సంచిలో పెట్టి, పైన దుప్పటి కప్పింది. "చిన్నదైనా తపాలా ఉజ్జోగం ఇంటి పక్కనే కదే," అని కిటికీ దగ్గర మళ్లీ గొణిగింది. "అమ్మా, బిందు అబద్ధం చెప్పదే," అంది కెజియా. కెజియా చేతి కవరులో ఉన్న ఒరిజినల్స్ ఏ బీరువాలోకి వెళ్తున్నాయో ఆ బస్టాండులో నాకొక్కదానికే తెలుసు.

తర్వాత ఎండలు వచ్చాయి. ఎండ ముందు ఎరుపును తినేస్తుంది. హిమబిందు పెదాలు నీలంగా మారాయి, మధుమూర్తి సార్ బొట్టు మాయమైంది. 6.5 మాత్రం చెక్కు చెదరలేదు, దాన్ని నల్లటి నలుపుతో అచ్చువేశారు మరి. వానలు వచ్చాయి. నా కింద ఆగి ఫోన్ నంబరు రాసుకున్న పిల్లలను లెక్కపెట్టడం మొదలుపెట్టి, నలభై దాటాక మానేశాను. ప్రతివాడూ నంబరు రాసుకుని నాకేసి కృతజ్ఞతగా చూసేవాడు. ఆ చూపు భరించడం వానను భరించడం కన్నా కష్టం.

కార్తీకమాసంలో ఒక సోమవారం పొద్దున హిమబిందు బస్సు దిగింది. భుజాన సంచి, కాళ్లకు హవాయి చెప్పులు. రోడ్డు దాటబోయి తల ఎత్తి నన్ను చూసింది. అలాగే నిలబడిపోయింది. వెనక ఆటోవాడు హారన్ కొట్టి కొట్టి తిట్టి వెళ్లిపోయాడు.

"ఒక్క నెలే అన్నారు, ఇంకా విప్పలేదా బాబాయ్?" అని అడిగింది సూరిబాబును.

"ఉగాదినుంచీ ఉంది కదమ్మా! నీకు తెలీదా? ఏంటి అలా చిక్కిపోయావ్? పెద్ద ఉజ్జోగంలో తిండి పెట్టరా?"

ఆ పిల్ల బెంచీ మీద కూలబడింది. ఎనిమిది నెలలూ ఆమె చేసిన ఉద్యోగం ఏమిటో ఆ రోజే బయటపడింది. ఇంటర్వ్యూలు వచ్చేదాకా ఖాళీగా ఎందుకని సార్ తన ఇన్‌స్టిట్యూట్‌లోనే కూర్చోబెట్టాడట. నెలకు ఎనిమిది వేలు. పని, డిగ్రీ పాసైన పిల్లల నంబర్ల జాబితా ముందు పెట్టుకుని రోజుకు నూరు ఫోన్లు చేసి, రమ్మని పిలవడం. ఇంటర్వ్యూ ఒక్కటీ రాలేదు, వచ్చినట్టు తను చూసిన మనిషి కూడా లేడు. ఇదంతా సూరిబాబుకు చెప్పి మంచినీళ్లు అడిగింది. సూరిబాబు గ్లాసు కడిగి అందించాడు.

కెజియా అప్పటికే నెల క్రితం తిరిగి వచ్చేసి ఉంది. అక్కడ నిజం తెలిసినరోజు నుంచి హిమబిందుతో మాటల్లేవట, ఊళ్లో సిగ్గుకు ఎవరికీ చెప్పుకోలేదట. మధ్యాహ్నం సైకిలు మీద వచ్చి, బెంచీ మీద ఉన్న స్నేహితురాలి ఎదురుగా నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పోస్టాఫీసుకి మళ్లీ అప్లై చేశాను. మళ్లీ నా పేరొచ్చింది. ఈ నెలాఖరులోపు ఒరిజినల్స్ చూపించాలి. సార్‌ని అడిగితే మిగతా నలభై వేలు తెచ్చి తీసుకెళ్లమన్నాడు. ఉద్యోగం రాలేదు కదండీ అన్నాను. ఉద్యోగం వచ్చాకో, కోర్సు అయ్యాకో, ఏది ముందైతే అది అని కాగితంలో ఉందంట. అమ్మ ఇంకా మొదటి నలభైయే తీరుస్తంది."

"ఆ రోజు నువ్వు ఫోన్ చేసినప్పుడు సార్ పక్కనే ఉన్నాడే," అంది హిమబిందు. "ఫోను స్పీకర్లో పెట్టించాడు. నా మొహంలోకే చూస్తా కూర్చున్నాడు."

"సరే. స్పీకర్ కట్టేశాక?"

హిమబిందు తల దించుకుంది.

"ఇరవయ్యో తారీకు దాకా వారం రోజులుంది కదే. బాత్రూంలోకెళ్లి ఒక్క మెసేజి పెట్టలేకపోయావా? రావొద్దు అని రెండు ముక్కలు. మా అమ్మతో బిందు అబద్ధం చెప్పదని చెప్పి వచ్చానే నేను."

  ఇన్నాళ్లూ నేను మధుమూర్తినే తిట్టుకుంటున్నాను. ఆ క్షణం నా మీద ఉన్న పిల్లను కూడా తిట్టుకున్నాను. మోసపోయినదాని మీద జాలిపడాలో, మోసం చేసినదాని మీద కోపగించుకోవాలో తెలియక నలిగిపోయాను. ఇద్దరూ ఒక్క మనిషే మరి.

మర్నాడు పొద్దున పదింటికి, బస్టాండు నిండా జనం ఉండగా, హిమబిందు హార్డ్‌వేరు కొట్లో నల్ల పెయింటు డబ్బా, బ్రష్షు కొనుక్కుని వచ్చింది. సూరిబాబు నిచ్చెన వేసి పట్టుకున్నాడు. ఆ పిల్ల పైకి ఎక్కి, నన్ను చేత్తో సరిచేసి, తన మొహం మీదుగా, ఆ దొంగనవ్వు మీదుగా రాసింది. 'నాకు ఏ ఉద్యోగమూ రాలేదు. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి. – హిమబిందు.' నిచ్చెన ఊగింది గనక అక్షరాలు వంకరగా వచ్చాయి. పెయింటు కారి సార్ జోడించిన చేతుల మీద పడింది. పుట్టినప్పటినుంచి నా ఒంటిమీద పడ్డ మొదటి నిజం అది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

జనం ఫోటోలు తీశారు. ఫోన్లలో పంపుకున్నారు. ఇన్సూరెన్సు ఏజెంటు, నేను ముందే అనుకున్నాను అన్నాడు. నంబరు రాసుకున్న పిల్లలు ఇద్దరు కాగితాలు చింపేశారు. మూడు రోజులు నేను రాజోలులో రాజ్యం ఏలాను.

నాలుగో రోజు మధుమూర్తి సార్ కారులో వచ్చాడు. కేకలు వేస్తాడేమో, పోలీసులను తెస్తాడేమో అని అందరూ గుమిగూడారు. ఆయన నవ్వుతూ దిగి, సూరిబాబు దగ్గర టీ తాగి, డబ్బులిచ్చి, నన్ను ఒకసారి పైనుంచి కిందిదాకా చదివాడు. "పాపం, ఉద్యోగం రాకపోతే పిల్లలకు మనసు చెదిరిపోతుంది," అన్నాడు అందరికీ వినపడేలా. తర్వాత కారు రొయ్యల షెడ్డు వైపు, కెజియా వాళ్ల ఇంటి దారిన వెళ్లింది. సాయంత్రానికి ఇద్దరు మనుషులు వచ్చి నా తాళ్లు కోసేశారు. కింద పడేసి తొక్కుకుంటూ పోతుంటే సూరిబాబు నన్ను అడిగి తీసుకున్నాడు. కొట్టు రేకులు కారుతున్నాయట. రాత ఉన్న వైపు కిందికి ఉంటే కస్టమర్లు అదే చదువుతూ కూర్చుంటారని, దాన్ని ఆకాశం వైపు తిప్పి పరిచి, నాలుగు ఇటుకలు పెట్టాడు.

అలా పడుకుని ఉండగానే, ఆ వారంలోనే, నా పాత వెదురు బద్దలకు కొత్త ఫ్లెక్సీ కట్టారు. వెల్లకిలా పడుకున్నదాన్ని గనక బాగా కనపడింది. అదే నల్ల కోటు. ప్యాకేజీ ఏడు లక్షల ఇరవై వేలు. మొహం కెజియాది.

హిమబిందు అది చూసి కొట్లోకి వచ్చి కూర్చుంది. కాసేపటికి కెజియా కూడా వచ్చింది. ఒడిలో ఫైలు పెట్టుకుని దాని మీద రెండు చేతులూ వేసుకుంది. నా కింద వాళ్లు మాట్లాడుకున్నది నాకు స్పష్టంగా వినపడింది.

"ఒరిజినల్స్ ఇచ్చేశాడే. ఒక్క రూపాయి అడగలేదు. శుక్రవారం పోస్టాఫీసులో చూపించాలి," అంది కెజియా.

"నీ మొహం ఇచ్చావు."

"నువ్వు రాయకపోతే అతను మా ఇంటికి వచ్చేవాడే కాదు. నీ బొమ్మ పాడైంది గనకే నా బొమ్మ కావాల్సొచ్చింది."

"ఇంకా సగం డబ్బా పెయింటు ఉంది కెజియా. నీ చేతికి ఒరిజినల్స్ వచ్చేశాయిగా."

"సంతకం పెట్టించుకున్నాడు. మూడు నెల్ల లోపు ఫ్లెక్సీకి ఏమన్నా అయినా, ఎవరన్నా అడిగితే నేను కాదన్నా, నలభై వేలూ కట్టాలి. ఎవరు కడతారే? నువ్వు కడతావా?"

 అంత మెత్తగా నవ్వే మనిషి అంత గట్టి ముడి ఎలా వేస్తాడో నాకు అంతుపట్టలేదు. నిజం రాయాలంటే స్నేహితురాలిని ఇంకోసారి ముంచాలి. ఊరుకుంటే ఊరి పిల్లలు మునుగుతారు. రెండు వైపులా ద్రోహమే పెట్టి, మధ్యలో హిమబిందును కూర్చోబెట్టాడు.

అప్పుడు అంతర్వేది బస్సులోంచి ఒక తండ్రీ కూతురూ దిగారు. ఆ పిల్ల చేతిలో కొత్త డిగ్రీ ఫైలు. తండ్రి కొత్త ఫ్లెక్సీని బిగ్గరగా చదివి, సూరిబాబును వివరాలు అడిగాడు. సూరిబాబు, "నాకు తెలీదండి, టీ కావాలా?" అన్నాడు. హిమబిందు లేచి బయటికి వెళ్లింది.

"నమ్మకండి బాబాయ్ గారూ. నేను ఆయన దగ్గరే చదివాను, ఆయన దగ్గరే పని చేశాను. ఉద్యోగాలేం రావు. ఎక్కడికెళ్లినా సరే, ఒరిజినల్స్ మాత్రం ఇవ్వకండి."

"నీకొచ్చిందా అమ్మా ఉజ్జోగం?"

"రాలేదండి."

"నీకు రాకపోతే ఎవరికీ రావంటావేంటి? అదిగో, ఏడు లక్షలంటన్నారు." ఆయన కొట్టులోకి తొంగిచూసి ఆగిపోయాడు. "ఏమ్మా, ఆ బొమ్మలో ఉన్నది నువ్వు కాదూ?"

"ఆయ్, నేనేనండి," అంది కెజియా.

"మరి నిజమేనా ఇది?"

కెజియా ఫైలును ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. హిమబిందు ఆమెనే చూస్తోంది. నేను ఇటుకల కింద ఒళ్లంతా చెవులు చేసుకున్నాను.

"మీ ఇష్టం అండి," అంది కెజియా.

"చూశావా, అంత జీతమొచ్చినా ఎంత అణకువగా ఉందో!" అన్నాడు ఆ తండ్రి కూతురితో. "ఆ పిల్లకొచ్చిందని ఈ పిల్లకి కడుపుమంట. రా, నంబరు ఫోటో తీసుకుందాం."

కూతురు కదలలేదు. "ఒరిజినల్స్ అంటే టెన్త్ మార్కుల లిస్టు కూడానా అక్కా?" అని హిమబిందును అడిగింది.

"అన్నీనమ్మా. అన్నీ."

తండ్రి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు. ఫోనులో క్లిక్కుమన్న చప్పుడు వినపడింది. తర్వాత కెజియా టీ డబ్బులు బల్ల మీద పెట్టి, సైకిలు తీసుకుని పోస్టాఫీసు రోడ్డు పట్టింది. వెళ్తున్నానని చెప్పలేదు. హిమబిందు కూడా పిలవలేదు. ఖాళీ గ్లాసులు తీస్తూ సూరిబాబు, "కూర్చో అమ్మా, ఇంకో టీ ఇస్తాను," అన్నాడు. ఆ పిల్ల కూర్చోలేదు. తర్వాతి బస్సు ఎప్పుడని అడిగి, రోడ్డు పక్కన ఎండలో నిలబడింది. బస్సులోంచి ఎవరు దిగుతారో, వాళ్లకు ముందు తనే చెప్పాలని కాబోలు.

నేను కొట్టు కప్పు మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. హిమబిందు రాసిన నల్ల అక్షరాలు ఇంకా ఉన్నాయి, మంచి పెయింటు. పైన వెదురు బద్దల మీద కెజియా బొమ్మ ఎప్పుడూ నాకేసే చూస్తూ ఉంటుంది. అంతకుమించి ఇక్కడికి ఎవరూ రారు. నా మీద అబద్ధం ఉన్నప్పుడు ఊరు ఊరంతా ఎనిమిది నెలలు తల ఎత్తి చదివింది. నిజం రాశాక నన్ను చదివింది మూడు రోజులు.